తమ్‌దిర్ రొట్టెకు వంక లేదు, దొగ్రమాకు ఉంది: అష్గబాత్‌లో ఒక తుర్క్‌మెన్ భోజనశాల

తుర్క్‌మెనిస్తాన్ రాజధాని అష్గబాత్‌లో తెల్ల పాలరాతి భవనాల వరుస దాటాక, సోవియట్ కాలపు పొట్టి ఇళ్ళు ఇంకా మిగిలి ఉన్న ఒక పేటలోని చిన్న భోజనశాలకు మూడు రోజుల తేడాతో రెండు సార్లు వెళ్ళాను. కింద ఒక ఫిర్యాదు చేయవలసి వస్తున్నది కనుక దాని పేరు రాయడం లేదు. మమ్మల్ని తీసుకువెళ్ళిన స్థానిక మిత్రుడు వీధి గుమ్మం వదిలిపెట్టి నేరుగా పెరట్లోకి నడిపించాడు. తమ్‌దిర్ అక్కడ ఉన్నది, ఈ ఇంటి వంట ఎలాంటిదో అక్కడే సగం తెలిసిపోతుందని అతని నమ్మకం.

తమ్‌దిర్ అంటే మట్టితో గుమ్మటంలా కట్టి పైన నోరు వదిలిన పొయ్యి. ఎండిన పత్తి కట్టె అందులో వేసి లోపలి గోడలు బాగా కాలేదాకా మండించి, మంట తగ్గి నిప్పులు మాత్రమే మిగిలాక రొట్టె వేస్తారు. మేము వెళ్ళేసరికి అందరూ ‘దైజా’, అంటే పిన్ని, అని పిలుస్తున్న ఒక పెద్దావిడ మోచేతి దాకా మందపు గుడ్డ చుట్టుకొని పనిలో ఉన్నారు. గుండ్రంగా వత్తిన పిండి మీద ముళ్ళ ముద్రతో వలయాలుగా చిల్లులు పొడిచి, వెనుక వైపు నీళ్ళు చిలకరించి, నడుము దాకా పొయ్యి నోటిలోకి వంగి, లోపలి గోడకు ఒక్క చరుపుతో అంటించారు. ఆ చిల్లులు అందం కోసమే అనుకున్నాను. రొట్టె నడిమి భాగం పొంగిపోకుండా ఆపేవి అవేనట. కొంతసేపటికి ఊడదీసిన చొరెక్ పైన ఎర్రగా, అంచున లావుగా, అడుగున పొయ్యి గోడ గరుకుతో బల్ల మీదికి వచ్చింది. తుంపితే ఆవిరి, కొద్దిగా పొగ వాసన, నమిలితే పిండి తీపి. దీనికి పక్కన ఏ కూరా అవసరం లేదు.

తుర్క్‌మెన్‌లు చొరెక్‌ను బోర్లా పెట్టరు, చేత్తోనే తుంపుతారు, సచక్ అనే గుడ్డలో చుట్టి ఉంచుతారు. పక్క బల్ల దగ్గర ఒక విదేశీయుడు రొట్టెను తిరగేసి పెడితే, టీ తెచ్చిన కుర్రవాడు నోరు విప్పకుండా దాన్ని వెల్లకిలా తిప్పి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు. ఈ ఇంటి మర్యాద ఎలాంటిదో నాకు ఆ ఒక్క చేతి కదలికలో తెలిసింది.

ఇక చాల్. పులియబెట్టిన ఒంటె పాలను తుర్క్‌మెన్‌లు ఈ పేరుతో పిలుస్తారు. ఈ దేశంలో పాలకు పేరుపడ్డవి అర్వానా జాతి ఒంటి మూపురం ఒంటెలు. ఒంటె పాలు గడ్డ పెరుగులా తోడుకోవు. పాత చాల్ కలిపి ఉంచితే పులిసి, పలచగానే ఉండి, నురుగు కడతాయి. ఇక్కడ చల్లగా, పిడి లేని గిన్నెలో ఇచ్చారు. మొదటి గుక్కకు పులుపు, వెంటనే నాలుక మీద చిటపట, ఆపైన ముక్కులోకి ఎక్కే ఒంటె పాల వాసన. ఆ వాసన నచ్చనివారు రెండో గుక్క తాగరు, నచ్చినవారు గిన్నె దించరు. నేను రెండో రకం. ఎక్కువ కాలం నిలవ ఉండదు కాబట్టి చాల్‌ను తాజాగా తెప్పించుకోవడమే దారి. దేశంలో చాలా భాగాన్ని ఆక్రమించిన గరగుమ్ ఎడారి ఈ నగరానికి ఉత్తరాన మొదలవుతుంది కనుక ఈ ఇంటికి అది సాధ్యమవుతున్నది. పైన తేలిన కొవ్వును తీసి ‘అగరాన్’ అని వేరుగా పెడతారు. అది పొద్దుటి పూట మాత్రమే, ఉన్నంతవరకే. వేడి చొరెక్ ముక్కతో అగరాన్ అద్దుకొని తిన్న ఆ పది నిమిషాల కోసమే నేను రెండోసారి పొద్దున్నే వెళ్ళాను. అలవాటు లేని కడుపుకు సగం గిన్నె చాలు.

ఇంత చక్కని రొట్టె చేసే ఇల్లు దొగ్రమాను పాడు చేయడం నాకు మింగుడుపడలేదు. దొగ్రమా అన్న పేరులోనే ముక్కలు చేయడం అన్న అర్థం ఉంది. గుర్బన్ బైరామ్ నాడు, అంటే బక్రీదుకు, గొర్రె మాంసాన్ని పెద్ద గజన్‌లో, అంటే ఇనుప కడాయిలో, ఎముక విడిపోయేదాకా ఉడికించి, ఇంటిల్లిపాదీ ఇరుగుపొరుగుతో కలిసి సచక్ చుట్టూ కూర్చొని, పులియని పిండితో కాల్చిన పెతిర్ రొట్టెను వేళ్ళతో సన్నగా తుంపుతారు. మాంసాన్ని పోగులుగా విడదీసి, సన్నగా తరిగిన ఉల్లిపాయతో సహా ఆ రొట్టెలో కలిపి, గుడ్డ మూసి కాసేపు వదిలేస్తారు. రొట్టె ఉల్లి ఘాటునూ మాంసం జిడ్డునూ పట్టేది ఆ కాసేపట్లోనే. తినే ముందు గిన్నెలో వేసి, పైన మరిగే చోర్బా, అంటే మాంసం ఉడికిన రసం, పోసి, మిరియాల పొడి చల్లుతారు. రసం లేకుండా పొడిగా తినేవారూ ఉన్నారు. మొత్తం పదార్థం రెండు షరతుల మీద నిలుస్తుంది: రొట్టె పులియనిదై ఉండాలి, రసం తినేవాడి కళ్ళ ముందు పడాలి.

ఇక్కడ రెండూ తప్పాయి. మామూలు పులిసిన చొరెక్‌నే తుంపి వేశారు. అది నీళ్ళు చూడగానే ఉబ్బిపోయే రకం. పైగా వంటింట్లోనే రసం పోసి, ఇతర పదార్థాలన్నీ సిద్ధమయ్యే దాకా ఉంచి, అన్నిటినీ ఒకేసారి తెచ్చారు. మా ముందుకు వచ్చేసరికి గోరువెచ్చని జావలో మాంసం పోగులు తేలుతున్నాయి, అంచున గొర్రె కొవ్వు తెల్లగా పేరుకొని ఉన్నది. మాంసం రుచిగానే ఉన్నది కాబట్టి కోపం ఇంకా పెరిగింది. పండుగ నాడు పదిమంది చేతులు చేసే పనిని భోజనశాల రోజూ చేయాలంటే కష్టమే అని మిత్రుడు సర్దిచెప్పబోయాడు. రసాన్ని వేరే గిన్నెలో తేవడానికి పదిమంది అక్కర్లేదు.

మిగిలినవాటిలో ఇష్లెక్లి మేలు. రెండు పిండి పొరల మధ్య కొట్టిన మాంసమూ ఉల్లిపాయా పెట్టి గుండ్రంగా మూసిన ఈ వంటకాన్ని గొర్రెల కాపరులు ఎడారిలో వేడి ఇసుకలో, నిప్పుల కింద కప్పి కాల్చుకునేవారు; ఇక్కడ పొయ్యిలో కాల్చినా అడుగు పెళుసుగా, లోపల రసం ఇంకకుండా వచ్చింది. పత్తి గింజల నూనెతో చేసిన పలావ్‌లో క్యారెట్ బాగా మగ్గింది, మెతుకు విడివిడిగా ఉన్నది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. శాకాహారులకు గుమ్మడికాయ గుతప్ ఒకటే దిక్కు. అయితే పలచని ఆ మడత రొట్టె మీద ఏ కొవ్వు రాస్తున్నారో అడిగి తెలుసుకోవాలి. గుర్రపు మాంసం ఉంటుందేమోనని బెంగపడేవారు నిశ్చింతగా ఉండవచ్చు: అఖల్‌తెకె గుర్రాన్ని రాజముద్రలో పెట్టుకున్న జాతి ఇది.

టీ గురించి ఒక మాట. గోక్ చాయ్, అంటే ఆకుపచ్చ టీ, మనిషికొక కూజా చొప్పున వస్తుంది. మొదటి గిన్నె వంచి, తిరిగి కూజాలోనే పోసి, ఆకు దిగాక తాగాలి. కూజా ఖాళీ అయిన ప్రతిసారీ అడగకుండానే కొత్తది వచ్చింది. బిల్లు మనాత్‌లలో, నగదు రూపంలోనే తీసుకుంటారు. విదేశీ బ్యాంకు కార్డును నమ్ముకొని వెళ్ళకండి. మోతాదును చూస్తే ధర న్యాయంగానే అనిపించింది.

రెండోసారి వెళ్ళినప్పుడు మిత్రుడు నా ఫిర్యాదును పెరట్లో దైజా చెవిన వేశాడు. ఆమె నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. రెండు పెతిర్‌లు కాల్చి పంపారు. మేమే బల్ల దగ్గర తుంపుకున్నాం, కుర్రవాడు మాంసమూ ఉల్లిపాయా తెచ్చి కలిపి సచక్ మూశాడు, చోర్బా విడిగా మరుగుతూ వచ్చింది. ఉల్లిపాయ ఇంకా సన్నగా తరిగి ఉండవలసింది, అయినా ఈసారి గిన్నె అడుగు కనిపించింది. మామూలుగా అడిగితే మాత్రం ఇప్పటికీ పాత పద్ధతి దొగ్రమాయే వస్తున్నదని మిత్రుడు చెప్పాడు కనుక, వెళ్ళేవారు పెతిర్ కావాలని, రసం వేరుగా తెమ్మని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది.