ట్రిగ్గర్ బరువు అంకె చూసి పిస్టల్ కొనకండి: అయిదు మోడళ్లు వాడాక నా మాట

పిస్టల్ కొనబోయే ప్రతివాళ్లూ ముందు అడిగేది "ట్రిగ్గర్ ఎంత బరువు?" అనే, అంటే పేలాలంటే వేలితో ఎంత బలంగా నొక్కాలని. కంపెనీ ఇచ్చిన వివరాలు ముందేసుకుని ఇది రెండున్నర కిలోలు, అది రెండు కిలోలు అని లెక్కలు కడుతుంటారు. గ్లాక్ 19, వాల్థర్ పీపీక్యూ, సీజెడ్ 75, బెరెట్టా 92, 1911 అనే పాత మోడల్ పిస్టల్ ఒకటి, వీటిని ఏళ్ల తరబడి మార్చి మార్చి కాల్చాను. ఆ అంకె వల్ల నాకు ఒరిగింది చాలా తక్కువ. గ్లాక్‌కీ పీపీక్యూకీ కాగితం మీద బరువు ఇంచుమించు ఒకటే, 2.5 కిలోలు. చేతిలోకి తీసుకుంటే రెండూ వేరు వేరు లోకాలు.

గ్లాక్‌లో వేలు ఆనించగానే ట్రిగ్గర్ మధ్యలో ఉన్న చిన్న సేఫ్టీ మీట లోపలికి అణుగుతుంది. కొంత దూరం వదులుగా వస్తుంది. ఆ తర్వాత గట్టిగా అడ్డం తగిలే చోటు, దాన్నే వాల్ అంటాం. అక్కడ ఇంకాస్త నొక్కితే చటుక్కున తెగదు (తెగడమంటే ట్రిగ్గర్ పట్టు వదిలి పిస్టల్ పేలడం), కొంచెం సాగి సాగి అప్పుడు తెగుతుంది. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగం) వెనక్కి వెళ్లి వచ్చినప్పుడు స్ట్రైకర్ (తూటాను కొట్టి పేల్చే పిన్ను) స్ప్రింగ్ సగం వరకే బిగుసుకుంటుంది, మిగతా బిగింపు మీ వేలే చెయ్యాలి, ఆ సాగుడు అందుకే. కొత్తలో చిరాకు పుట్టిస్తుంది. కానీ రీసెట్, అంటే ట్రిగ్గర్ మళ్లీ పేల్చడానికి సిద్ధమయ్యే చోటు, మాత్రం దిట్టం: పేలాక వేలు పూర్తిగా తియ్యకుండా మెల్లగా ముందుకు వదిలితే "టిక్"మని వినిపించడమే కాదు, వేలికీ స్పష్టంగా తెలుస్తుంది. వేగంగా రెండో తూటా కాల్చాలంటే నాకు ఆ టిక్ మీదే నమ్మకం. ఇంకో చిన్న విషయం, పాత తరం 19లలో చాలావాటికి ట్రిగ్గర్ ముఖం మీద గీతలుంటాయి, అయిదో తరంలో నున్నగా చేశారు. ఎక్కువసేపు కాల్చేవాళ్ల వేలికి ఆ తేడా బాగానే తెలుస్తుంది.

పీపీక్యూ వచ్చింది 2011లో, ఇప్పుడు దాని స్థానంలో వాల్థర్‌దే పీడీపీ అనే మోడల్ ఉంది. వాల్ ఎక్కడుందో వెతుక్కునే పనే లేదు, తెగడం శుభ్రంగా తెగుతుంది, రీసెట్ దూరం 2.5 మిల్లీమీటర్లే. షాపులో ఒక్కసారి నొక్కి చూసినవాళ్లెవరైనా మనసు పారేసుకుంటారు. అదే దాంతో నాకున్న పేచీ కూడా. అంత పొట్టి రీసెట్ ఉన్నప్పుడు, వేలి మీద అదుపు కుదరని వాళ్లు అనుకోకముందే రెండో తూటా వదిలేస్తారు. అప్పుడే కాల్చడం మొదలుపెట్టిన వాళ్లకు నేనైతే గ్లాకే చేతికిస్తాను, వాళ్లకు నచ్చకపోయినా సరే.

1911 గురించి ఎంత పొగిడినా తక్కువే అంటారు, ట్రిగ్గర్ వరకు నేనూ ఒప్పుకుంటాను. మిగతావాటిలో ట్రిగ్గర్ ఒక ఇరుసు మీద తిరుగుతుంది, ఇందులో నేరుగా వెనక్కి జారుతుంది. ఇరుసు మీద తిరిగేదాన్ని కింది కొసన నొక్కితే తేలిగ్గా, పైన నొక్కితే బరువుగా ఉంటుంది, కాబట్టి గేజ్ పెట్టి కొలిచేవాళ్లు ప్రతిసారీ ఒకేచోట తగిలించకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. 1911లో ఆ బాధ లేదు. అయితే హ్యామర్ (వెనక ఉండి, పిన్నును కొట్టే సుత్తి లాంటి భాగం) బిగించి, బొటనవేలి సేఫ్టీ వేసి తిరగాలి, అది అందరికీ అలవాటయ్యే పద్ధతి కాదు.

సీజెడ్, బెరెట్టాల దగ్గరే కొనేవాళ్లు ఎక్కువ తికమకపడతారు. హ్యామర్ దించి ఉన్నప్పుడు మొదటి నొక్కు పొడుగ్గా, బరువుగా ఉంటుంది, ఆ తర్వాతివన్నీ పొట్టి, తేలిక. షాపులో హ్యామర్ వెనక్కి లాగి ఆ తేలిక నొక్కు ఒక్కటే చూసి "అబ్బ, ఎంత బాగుంది" అనుకుని కొనేస్తారు. అసలు చూడాల్సింది మొదటిది. చెయ్యి చిన్నదైతే ట్రిగ్గర్ అంత దూరంలో ఉన్నప్పుడు వేలి కొస మాత్రమే అందుతుంది, దాంతో లాగుతున్నకొద్దీ ముందు సైటు (గొట్టం కొసన గురి చూసే గుర్తు) పక్కకు జరుగుతుంది. బెరెట్టా మొదటి నొక్కు బరువైనదే అయినా మొదటి నుంచీ చివరి దాకా ఒకే తీరుగా వస్తుంది, ఎక్కడా అడ్డు తగలదు. దానికి కంపెనీదే "డీ" స్ప్రింగ్ అని కాస్త తేలికది దొరుకుతుంది, వేసుకుంటే హాయిగా ఉంటుంది. మరీ తేలిక స్ప్రింగుల జోలికి పోతే మాత్రం గట్టి ప్రైమర్ (తూటా అడుగున పిన్ను కొట్టే మందు బిళ్ల) ఉన్న తూటాలు ఒక్కోసారి పేలవు. పోటీల కోసం చేసిన సీజెడ్ షాడో 2లో ఫైరింగ్ పిన్ బ్లాక్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పిన్నును కదలనివ్వని సేఫ్టీ ముక్క) అసలు పెట్టలేదు, దాని ట్రిగ్గర్ అంత నున్నగా ఉండటానికి అదీ ఒక కారణం. అది చూసొచ్చి మామూలు 75లో అదే కావాలంటే ఎలా?

ఎయిర్ పిస్టల్ నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 10 మీటర్ల పోటీలో ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉంటే చాలు. దానికి అలవాటుపడ్డ వేలికి పోలీసులు, సైనికులు వాడే తరహా ఏ సర్వీస్ పిస్టలైనా మొదట మొరటుగానే అనిపిస్తుంది, కంగారుపడి తిప్పి పంపకండి.

షాపులో చూసేటప్పుడు మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌ను కంటితోనూ వేలితోనూ చూసుకుని, అమ్మేవాళ్లను అడిగి అప్పుడే ఖాళీగా నొక్కండి. గొట్టం ఎటు చూస్తోందో ఎప్పుడూ గమనించుకోండి. రిమ్‌ఫైర్ పిస్టల్‌ను (పిన్ను తూటా అడుగు అంచున కొట్టే రకం) మాత్రం ఖాళీగా నొక్కొద్దు, పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి రెండూ పాడవచ్చు. స్ట్రైకర్ పిస్టల్ ఒకసారి "టక్"మన్నాక మళ్లీ స్లైడ్ లాగేదాకా ట్రిగ్గర్ చచ్చినట్టుంటుంది, కాబట్టి రీసెట్ తెలియాలంటే ట్రిగ్గర్ వెనక్కి పట్టుకునే ఉండి రెండో చేత్తో స్లైడ్ లాగి వదలాలి, అప్పుడు వేలు మెల్లగా ముందుకు తేవాలి. చాలామంది ఇది చెయ్యకుండానే బిల్లు కట్టేస్తారు. తెగే క్షణంలో కళ్లు ముందు సైటు మీదే ఉంచండి. అది కదలకుండా నిలబడితే బరువు అంకె రెండున్నరయినా మూడయినా ఆ పిస్టల్ మీ చేతికి సరిపోయినట్టే. కదిలితే మొదట పిడి వెనకవైపు పట్టీ మార్చి చూడండి, పీపీక్యూ లాంటివాటికి పెట్టెలోనే రెండు మూడు సైజులు ఇస్తారు.