ఇంటి కంప్యూటర్లో నోస్క్రిప్ట్: ఏడాదిన్నర వాడకం తరువాత

మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్. నా ఆఫీసు పని, నాన్నగారి బిల్లుల చెల్లింపులు, మా అమ్మాయి పాఠాలు అన్నీ దాని మీదే సాగుతాయి. ఏడాదిన్నర క్రితం అందులోని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు నోస్క్రిప్ట్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాము) తగిలించాను. ఆ మొదటి వారమంతా ఇంట్లో వినిపించిన ప్రశ్న ఒకటే: "నెట్టు పోయిందా?" నెట్టు పోలేదు. పేజీతో పాటు వచ్చి బ్రౌజర్‌లో నడుస్తూ దానికి ప్రాణం పోసే చిన్న ప్రోగ్రాములను, అంటే స్క్రిప్టులను మాత్రం నేను చేర్చిన కాపలాదారు గుమ్మం దగ్గరే ఆపేశాడు.

ఇటలీకి చెందిన జార్జియో మావోనే 2005లో విడుదల చేసిన ఈ ఎక్స్‌టెన్షన్ ఉచితం. దీని సోర్సు కోడు ఎవరైనా చూడవచ్చు. తమ జాడ తెలియకుండా నెట్టు చూడాలనుకునేవారు వాడే టోర్ బ్రౌజర్‌లో ఇది ముందే అమర్చి వస్తుంది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లకు స్వస్తి చెప్పినప్పుడు దీన్ని కొత్తగా రాయవలసి వచ్చింది. ఇప్పుడు మనం చూసే గుండీలు, గుర్తులు ఆ తరువాతివే. ప్రకటనలను ఆపే సాధారణ ఎక్స్‌టెన్షన్లు ఎక్కువగా చెడ్డ చిరునామాల జాబితాను దగ్గర పెట్టుకుని వాటిని ఆపుతాయి. నోస్క్రిప్ట్ తీరు దీనికి తలకిందులు: మీరు పేరు పెట్టి రమ్మంటే తప్ప దాదాపు ఏ స్క్రిప్టునూ లోపలికి రానివ్వదు. దాని బలమూ, అది పెట్టే బాధా రెండూ ఇక్కడే పుడుతున్నాయి.

టూల్‌బార్ మీద ఎస్ అక్షరంతో ఉన్న గుర్తును నొక్కితే, మీరు చూస్తున్న పేజీ ఏయే డొమైన్ల (సైటు చిరునామాల) నుంచి సరుకు తెప్పించుకుంటున్నదో ఒక పట్టికగా కనిపిస్తుంది. ప్రతి పేరు పక్కనా డిఫాల్ట్ (మామూలు), టెంప్. ట్రస్టెడ్ (తాత్కాలిక అనుమతి), ట్రస్టెడ్ (శాశ్వత అనుమతి), అన్‌ట్రస్టెడ్ (నమ్మరానిది), కస్టమ్ (సొంత ఎంపిక) అనే ఎంపికలు ఉంటాయి. తాత్కాలికంగా ఇచ్చిన అనుమతి బ్రౌజర్ మూసేయగానే పోతుంది. ఈ పట్టికను మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం కోసమైనా దీన్ని ఒకసారి వాడి చూడాలని నా అభిప్రాయం. నేను రోజూ చదివే ఒక తెలుగు వార్తల సైటు తెరిస్తే, వార్తకు సంబంధించిన డొమైన్లు రెండే ఉన్నాయి. మిగిలినవన్నీ ప్రకటనలవీ, పాఠకుడి కదలికలను లెక్కపెట్టేవీ. సైటు తప్ప మిగిలినవేవీ అనుమతించకుండానే వార్త చక్కగా చదవగలిగాను, పేజీ కూడా ముందుకన్నా చురుగ్గా తెరుచుకుంది.

అసలు పరీక్ష కరెంటు బిల్లు దగ్గర ఎదురైంది. నాన్నగారు కార్డు వివరాలు నింపి ముందుకు నొక్కగానే ఓటీపీ అడగవలసిన చోట తెల్లని పేజీ వచ్చి నిలిచిపోయింది. నన్ను పిలిచారు. పట్టిక తెరిచి, బ్యాంకుకు చెందినదిగా తోచిన డొమైన్‌కు తాత్కాలిక అనుమతి ఇచ్చాను. అనుమతి మారిన వెంటనే నోస్క్రిప్ట్ ఆ పేజీని మళ్ళీ లోడు చేసింది, లావాదేవీ అక్కడితో రద్దయింది. రెండోసారీ అదే కథ. తప్పు బ్యాంకుదీ కాదు, బిల్లు సైటుదీ కాదు, నాది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులో పేజీ బిల్లు సైటు నుంచి చెల్లింపు నడిపే మధ్యవర్తి సైటైన పేమెంటు గేట్‌వేకూ, అక్కడి నుంచి బ్యాంకు ఓటీపీ పేజీకీ గెంతుతుంది. ఒక్కో మజిలీలో ఒక్కో డొమైన్. ముందు మజిలీ దాటితే గాని తరువాతి పేరు పట్టికలో కనబడదు. కనబడ్డాక అనుమతిస్తే పేజీ రీలోడు అవుతుంది. "రిఫ్రెష్ నొక్కవద్దు" అని ఆ పేజీల మీద రాసి ఉండేది ఊరికే కాదు, ఒకసారి పంపిన లావాదేవీ సంఖ్యను గేట్‌వే సాధారణంగా రెండోసారి ఒప్పుకోదు.

దీనికి మందు నోస్క్రిప్ట్‌లోనే ఉంది. చెల్లింపు మొదలుపెట్టక ముందే, బిల్లు సైటు తెరిచిన ట్యాబ్‌లోనే, ఈ ట్యాబ్‌కు మాత్రం ఆంక్షలు ఎత్తివేయమనే గుండీని నొక్కాలి. ఆ తరువాత పేజీ ఎన్ని డొమైన్లు గెంతినా అడ్డు ఉండదు; పని ముగిశాక ట్యాబ్ మూసేస్తే సరిపోతుంది. దాని పక్కనే ఆంక్షలన్నింటినీ అన్ని ట్యాబులకూ ఎత్తివేసే గుండీ కూడా ఉంటుంది. విసుగులో చెయ్యి దాని మీదకే పోతుంది. ఒకసారి దాన్ని నొక్కి మరిచిపోతే, కాపలా ఉందనుకుంటూ కాపలా లేకుండా రోజులు గడిపేస్తాము. ఈ రెండింటినీ అంత దగ్గరగా పెట్టడం నాకు నచ్చలేదు.

చెల్లింపులు కాని పేజీల దగ్గర నాకు అలవడిన పద్ధతి వేరు. మొదట సైటు సొంత డొమైన్‌ను మాత్రమే తాత్కాలికంగా అనుమతిస్తాను. అప్పటికీ పని జరగకపోతే సైటు పేరును పోలిన పేర్లను, ఆపైన సీడీఎన్, స్టాటిక్, ఏపీఐ వంటి మాటలున్న పేర్లను (పేజీకి కావలసిన సరుకు అందించే సర్వర్లకు సాధారణంగా ఇలాంటి పేర్లుంటాయి) ఒక్కొక్కటిగా అనుమతించి చూస్తాను. ఇక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే ఒక స్క్రిప్టు లోపలికి వచ్చాక అది మరికొన్నింటిని పిలుస్తుంది, పట్టికలో అంతవరకూ లేని పేర్లు అప్పుడు పుట్టుకొస్తాయి. యానలిటిక్స్, యాడ్స్ అని ఉన్నవాటిని ముట్టుకోను. వాటిని అనుమతిస్తే తప్ప నడవని సైటు ఈ ఏడాదిన్నరలో నాకు అరుదుగానే తగిలింది.

పేజీ పనిచేయని ప్రతిసారీ నోస్క్రిప్ట్‌నే నిందించనక్కరలేదు. ఫైర్‌ఫాక్స్‌కు సొంతంగా ట్రాకింగ్ రక్షణ, అంటే మన కదలికలను వెంటాడేవాటిని ఆపే ఏర్పాటు ఉంది. చిరునామా పట్టీ పక్కనున్న డాలు గుర్తును నొక్కి ఒక్క సైటుకు దాన్ని ఆపవచ్చు. ప్రకటనల నిరోధకం, యాంటీవైరస్ వారి వెబ్ రక్షణ కూడా స్క్రిప్టులను ఆపగలవు. దోషి ఎవరో తేల్చడానికి నేను ముందుగా చేసేది అదే పేజీని ప్రైవేటు విండోలో తెరవడం. మనం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వకపోతే అక్కడ ఎక్స్‌టెన్షన్లు నడవవు. అక్కడ పేజీ పనిచేస్తే తప్పు చాలావరకు ఎక్స్‌టెన్షన్లలో ఏదో ఒకదానిది. అక్కడా పనిచేయకపోతే ట్రాకింగ్ రక్షణ, యాంటీవైరస్, చివరికి ఆ సైటు సర్వరు, ఈ వరుసలో చూసుకోవాలి. అరగంట పట్టే వెతుకులాట చాలాసార్లు అరనిమిషంలో తేలిపోతుంది.

తెలుగు చదివేవారికి ఒక చిన్న విచిత్రం కనబడుతుంది. మీరు అనుమతించని సైట్ల నుంచి వచ్చే ఫాంట్లను కూడా నోస్క్రిప్ట్ మామూలుగా ఆపేస్తుంది. అందువల్ల ఎంతో ముచ్చటపడి ఎంచుకున్న అక్షరాలతో ఉండే సైటు మా విండోస్‌లో నిర్మలా ఫాంటులోకి దిగిపోతుంది. చదవడానికి లోటు లేదు గాని, ఫాంటు రూపంలోనే వచ్చే బొమ్మ గుర్తులుండే చోట ఖాళీ చతురస్రాలు కనిపిస్తాయి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ఉమ్మడి పద్ధతైన యూనికోడ్ వాడుకలోకి రాకముందు సైటుకొక ఫాంటు దించుకుంటూ తెలుగు పత్రికలు చదివిన తరానికి ఇలాంటి ఫాంటు చిక్కులు పాత చుట్టాలే. తెలుగు వికీపీడియా వ్యాసాలు స్క్రిప్టు ఏమీ లేకుండానే చదువుకోవచ్చు. అక్కడ తెలుగులో టైపు చేసే పరికరం కావాలంటే మాత్రం అనుమతి ఇవ్వాలి.

లోపాల మాటకు వస్తే, అన్నిటికన్నా పెద్దది భాష. ఒక సైటు పేజీలోకి పరాయి స్క్రిప్టును చొప్పించే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ దాడి అనుమానం వచ్చినప్పుడు వచ్చే హెచ్చరిక కిటికీ, సామాన్యుడికి ఏమీ అర్థం కాని పొడవాటి చిరునామాలు చూపించి ఆపాలా వదలాలా అని అడుగుతుంది. తెలియనివారు కిటికీ పోతే చాలని ఏదో ఒకటి నొక్కేస్తారు. రెండోది, ముందే నమ్మదగినవిగా చేర్చి వచ్చే సైట్ల జాబితా. గూగుల్, యూట్యూబ్, యాహూ, పేపాల్ వంటివి అందులో ఉంటాయి. కొత్తవారికి అన్నీ ఒకేసారి ఆగిపోకుండా చేసిన ఏర్పాటని అర్థమవుతూనే ఉంది, కాని ఎవరినీ నమ్మనని చెప్పే పరికరంలో ఆ జాబితాను మీరే ఒకసారి చూసి, అక్కరలేనివి తీసేయడం మేలు.

సెట్టింగులలో, మీరు నేరుగా తెరిచే సైటుకు తాత్కాలిక అనుమతి తనంతట తానే ఇచ్చే ఎంపిక ఒకటి ఉంది. బయటి డొమైన్లు మాత్రం అప్పటికీ ఆగే ఉంటాయి. కాపలా కొంత సడలుతుంది నిజమే, మా అమ్మాయి ప్రతి పావుగంటకూ నన్ను పిలవడం ఆగింది మాత్రం దానివల్లనే. ఏడాదిన్నరగా పోగుచేసిన అనుమతుల జాబితాను ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకునే వీలు కూడా అక్కడే ఉంది. విండోస్ మళ్ళీ వేయవలసి వచ్చిన రోజున దాని విలువ తెలిసింది.

నాన్నగారి విషయంలో మాత్రం నేను ఓటమి ఒప్పుకున్నాను. ఆయన కోసం ఫైర్‌ఫాక్స్‌లోనే నోస్క్రిప్ట్ లేని వేరే ప్రొఫైల్ (తన సెట్టింగులూ బుక్‌మార్కులూ విడిగా ఉండే అర) ఒకటి చేసి, అందులో కరెంటు బిల్లు, బ్యాంకు, గ్యాసు బుకింగు సైట్లను బుక్‌మార్కులుగా పెట్టి, డెస్క్‌టాప్ మీద "బిల్లులు" అనే పేరుతో షార్ట్‌కట్ వేసి ఇచ్చాను. ఈమెయిల్లో వచ్చిన లింకులను ఆ కిటికీలో తెరవవద్దని ఒక్కటే షరతు పెట్టాను. దాన్ని ఆయన నాకన్నా నిక్కచ్చిగా పాటిస్తున్నారు.