సంగీతం: పుట్టుకతో వచ్చేదా, సాధనతో పండేదా?

మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులోనే విజయవాడలో పూర్తి కచేరీ చేశారంటే, అది కేవలం శిక్షణ ఫలితమని నేను నమ్మలేను. అయితే ఆయన తండ్రి స్వయంగా సంగీతజ్ఞుడని, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వంటి గురువు దొరికారని మరచిపోకూడదు.

సాధన పక్షం వాదన ఇంకా బలమైనది. మాయామాళవగౌళ రాగంలో సరళీస్వరాలను, అంటే తొలి స్వరపాఠాలను, తాళం వేస్తూ మూడు కాలాల్లో (వేగాల్లో) నెలల తరబడి పాడే పిల్లకు, మొదట్లో శ్రుతికి కాస్త కిందుగా పలికిన పై షడ్జమం (పై ‘స’), ఒకనాటి ఉదయం తంబురా నాదంలో ఇట్టే కలిసిపోతుంది. సహజ ప్రతిభ లేకున్నా శ్రద్ధగా కొలిచినవారిని వాగ్దేవి అనుగ్రహిస్తుందని కవిత్వం గురించి సంస్కృత అలంకారికుడు దండి ఏనాడో అన్నాడు.

శ్రుతిలయలు సాధనకు లొంగుతాయి. రాగాలాపనలో తోచే కొత్త సంగతి (స్వరాల పోకడ) మాత్రం, నా ఉద్దేశంలో, చాలావరకు పుట్టుకతో వచ్చినదే.