విశాఖలో లేత్ కొనబోతే

లేత్ అంటే కర్రను గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం. స్విచ్ వేసి తిప్పి చూపించని దుకాణంలో దాన్ని కొనకండి. షోరూము ఎంత మెరిసినా, కుర్చీ వేసి కాఫీ ఇచ్చినా సరే. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అరవై వేలు దాటకుండా పన్నెండు అంగుళాల స్వింగ్ ఉన్న చెక్క లేత్ కొనాలని రాజమహేంద్రవరం నుంచి బయలుదేరాం, నేనూ మా బావమరిదీ. స్వింగ్ అంటే బెడ్ మీద, అంటే లేత్ అడుగునున్న పొడవాటి ఇనుప దిమ్మె మీద, ఎంత వ్యాసమున్న చెక్క తిరగగలదో ఆ కొలత. పన్నెండు అన్నారంటే చెక్కను తిప్పే ఇరుసు, అదే స్పిండిల్, మధ్య నుంచి బెడ్‌కు ఆరు అంగుళాలే. గిన్నెలు, పళ్లేలు తిప్పాలనుకునేవారికి ఇంతకన్నా తక్కువ చాలదు.

దారిలో యలమంచిలిలో రైలు దిగి, ఆటోకు 200 ఇచ్చి ఏటికొప్పాక వెళ్లాం. లక్క బొమ్మల ఊరు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని చేస్తున్న ఒకాయన పక్కన కూర్చోనిచ్చారు. అంకుడు కర్ర బొంగరంలా తిరుగుతుంటే రంగు లక్కను దానికి ఆనించారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంది. పైన మొగలి ఆకు ముక్క ఒత్తగానే అద్దంలా మెరిసింది. బావమరిది అంతవరకూ ఎండ మీద విసుక్కుంటూనే ఉన్నాడు, అది చూశాక మాట్లాడటం మానేశాడు.

అలాంటి లేత్ నాకు పనికిరాదు. వారు తిప్పేవి పిడికిట్లో పట్టే బొమ్మలు. అయినా కొనేటప్పుడు ఏం చూడాలని అడిగితే, "పొడవు చూసి మోసపోకండి బాబూ, అదురు చూడండి. తిరుగుతున్నప్పుడు బెడ్ మీద అరచెయ్యి పెట్టండి, అదే చెబుతుంది" అన్నారు. కర్రను అటూ ఇటూ పట్టుకునే మొనలు రెండూ దగ్గరికి తెచ్చి, ఎదురెదురుగా కలుస్తున్నాయో లేదో చూడమని కూడా చెప్పారు.

విశాఖలో రైల్వే స్టేషను దగ్గర లాడ్జి, ఏసీ గదికి 1,400. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకేనని చెక్క తలుపు మీద చాక్‌పీసుతో రాశారు. ఏడు కాకముందే ఆగిపోయాయి. అంతకుమించి ఫిర్యాదు లేదు.

అసలు ఫిర్యాదు నగరం నడుమ ఉన్న పెద్ద షోరూము మీద. ఫోనులో 52,000 అన్న ధర కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి 18 శాతం జీఎస్టీతో 61,360 అయింది. ప్యాకింగుకు 1,500 వేరట. పన్ను వేసింది వారు కాదు, నిజమే. ఫోనులో ఆ మాట దాచింది మాత్రం వారే. మోటారు ఒక హార్స్‌పవరన్నాడు కుర్రాడు. లేత్ వెనక వంగి, మోటారుకున్న వివరాల రేకు మీది దుమ్ము తుడిస్తే 550 వాట్లని ఉంది. ఒక హార్స్‌పవరంటే దాదాపు 746 వాట్లు కాబట్టి ఇది ముప్పావే. "కంపెనీవాళ్లు తక్కువ చేసి రాస్తారు సార్" అన్నాడు. తన సరుకును తక్కువ చేసి రాసుకునే కంపెనీ ఎక్కడుందో!

బెల్టును ఏ పుల్లీకి మార్చినా నిమిషానికి 750 చుట్లకు తగ్గదు. ఇంకా గుండ్రం కాని పది అంగుళాల చెక్క ముద్దను ఆ వేగంతో మొదలుపెడితే బల్లంతా ఊగుతుంది, ముక్క ఊడితే తగిలేది మొహానికే. ఒకసారి తిప్పి చూపించమంటే, డబ్బు కట్టాక మనిషి వచ్చి బిగిస్తాడు, అప్పుడు చూసుకోండన్నారు. ఇక్కడ కరెంటు పాయింటు లేదట. గోడకున్న పాయింటులో మేనేజరు ఫోను చార్జింగవుతోంది. "పద బావా, సబ్‌మెరైన్ చూద్దాం" అని బావమరిది నన్ను బయటికి లాక్కొచ్చాడు. బీచ్‌రోడ్డులో కురుసుర లోపల ఇరుకు గదులన్నీ తిరిగి, మురీ మిక్చర్ తిన్నాకగానీ నా కోపం దిగలేదు.

మర్నాడు గాజువాక ఆటోనగర్‌లో, బోర్డు కూడా సరిగా లేని గోడౌన్‌లో పని అయిపోయింది. పెద్దాయన అడగకముందే ప్లగ్గు పెట్టారు. వేగం మీట తిప్పి మార్చుకునే రకం, 250 చుట్ల దాకా దిగుతుంది. పోత ఇనుప బెడ్, బరువు 42 కిలోలు, మొనల మధ్య పద్దెనిమిది అంగుళాలు. అరచెయ్యి పెట్టి చూశాను, సన్నటి జుమ్మనడం తప్ప అదురు లేదు. మొనలు వెంట్రుక వాసి తేడా లేకుండా కలిశాయి. 46,000, పన్నుతో 54,280, చెక్కను స్క్రూలతో బిగించే ఇనుప పళ్లెం, అంటే ఫేస్‌ప్లేటు, ఉచితం. గిన్నెలు తొలిచే ఉలి, అంటే గౌజు, ఒకటి 1,900. లారీ పార్సిలుకు 1,100.

ముందు బరువు, తర్వాత తక్కువ వేగం, ఆ తర్వాతే మోటారు చూడండి. మంచాల కోళ్లు చేసే పని లేకపోతే పొడవాటి బెడ్‌కు డబ్బు పోయకండి. చెక్కను బిగించి పట్టే నాలుగు దవడల చక్‌ను ఇప్పుడే కొనాల్సిన పనిలేదు, ఫేస్‌ప్లేటుతో గిన్నెలు చక్కగా వస్తాయి. కొనే రోజున మాత్రం స్పిండిల్ మర కొలత కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాది ఒక అంగుళం, అంగుళానికి 8 మరలు. 33 మిల్లీమీటర్ల మర ఉన్నవీ అమ్ముతారు. ఆ చక్ దీనికి ఎక్కదు, విప్పిన పెట్టెను ఎవరూ వెనక్కి తీసుకోరు.