పెట్టెలో సైన్సా, పెరట్లో సైన్సా? నాలుగో తరగతి గుంటడికి ఏది మేలు?

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో చాలామంది పిల్లలకి బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. మా వాడు నాలుగో తరగతి. పోయిన పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో 1,400 రూపాయలు పెట్టి సైన్స్ కిట్ తెప్పించాం. సరిగ్గా ఆ నెలలోనే వాళ్ళ తాతయ్య అగ్గిపుల్లలు ముందేసుకుని కూర్చున్నారు. రెండూ ఒకే ఇంట్లో నడిచాయి కాబట్టి పోల్చి చెప్పే ధైర్యం చేస్తున్నాను.

ముందు కిట్ సంగతి. మొదటి సాయంత్రం వైర్లు తగిలించగానే ఫ్యాను గిర్రున తిరిగింది, వాడు ఎగిరి గంతేశాడు. ఈ సుఖం తక్కువదేం కాదు. చిన్నపిల్లలకి మొదటి ప్రయత్నమే తుస్సుమంటే మళ్ళీ ముట్టుకోరు. కానీ మోటారు రేకు డబ్బాలో బిగించి ఉంది, లోపల ఏముందో కనబడదు. పుస్తకమంతా ఇంగ్లీషు. నేను చదివి చెబుతుంటే వాడు ముక్కలు అందించే హెల్పరైపోయాడు. నాలుగో రోజు వైరు మొదలంటా తెగింది. అమ్మినవాళ్ళని అడిగితే విడిగా దొరకదన్నారు.

తాతయ్యది ఇంకో దారి. అగ్గిపుల్లల మందు గీకేసి, సైకిల్ వాల్వుకి వేసే సన్న రబ్బరు గొట్టం ముక్కలతో అతికించారు. మూడు పుల్లల త్రికోణం ఎంత నొక్కినా కదల్లేదు. నాలుగు పుల్లల చతురస్రం పక్కకి వాలిపోయింది. "మరేం చేద్దారా గుంటడా?" అన్నారాయన. వాడు మధ్యలో అడ్డంగా ఇంకో అగ్గిపుల్ల పెట్టాడు. చతురస్రం కాస్తా వాలిన డైమండ్ అయి కూర్చుంది! మూల నుంచి మూలకి దూరం అంచుకంటే ఎక్కువని వాడికి వాడే కనిపెట్టి, చీపురుపుల్ల కొలిచి విరిచి పెట్టాడు. అప్పుడు నిలబడింది. ఆ వారమంతా రోడ్డు పక్క కరెంటు టవర్లలో త్రికోణాలు లెక్కపెడుతూనే ఉన్నాడు.

ఈ అగ్గిపుల్లల విద్య తాతయ్య సొంతం కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బళ్ళలో 1972లో చేతులతో చేసి నేర్చుకునే సైన్స్ కార్యక్రమం మొదలైంది. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా ఆ కార్యక్రమంలో పనిచేస్తూ ఇలాంటి బొమ్మలకి పేరు తెచ్చారు. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

మోటారు కూడా ఇంట్లోనే చేశాం. మోటార్లకి వైండింగ్ చేసే షాపులో అడిగితే రాగితీగ ముక్క ఇచ్చారు. ఒక సెల్లు, రెండు పిన్నీసులు, పాత స్పీకరులో అయస్కాంతం. తీగ చుట్టకి రెండు కొసలా కరెంటుని ఆపే పూత మొత్తం గీకేశాను. చుట్ట వణికి ఆగిపోయింది. అర చుట్టు తిరగ్గానే అయస్కాంతం తోపు ఎదురు తిరుగుతుంది, ఆ రెండో అర చుట్టులో కరెంటు ఆగాలి. అందుకే ఒక కొసన పూత సగమే గీకాలి. ఈ ఒక్క ముక్క తెలియడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కిట్‌లో అయితే అసలు తెలిసేదే కాదు.

భాష సంగతి నేను ముందు అనుకోలేదు. బళ్ళో చుంబొకొ, కిట్ మీద మాగ్నెట్, ఇంట్లో అయస్కాంతం. తాతయ్యతో చేస్తున్నప్పుడు "ఎందుకలా?" అని వాడు ఇంటి తెలుగులో అడిగాడు. ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకున్నప్పుడు ఒక్క ప్రశ్నా రాలేదు.

కార్తీక పౌర్ణమికి ఇక్కడ ఒడియావాళ్ళు బొయిత బొందాణ అని చిట్టి పడవలు వదులుతారు, మనం అరటి దొప్పల్లో దీపాలు పెడతాం. ఆ దొప్పలో రూపాయి బిళ్ళలు ఒక్కొక్కటే వేసి ఎన్నింటికి మునుగుతుందో చూడండి. తర్వాత అడుగు వెడల్పుగా ఉన్న దొప్పతో మళ్ళీ చేయండి. ఖర్చు సున్నా.

భువనేశ్వర్ రీజినల్ సైన్స్ సెంటర్‌కి ఏడాదికోసారి వెళ్తే మంచిదే. అది పండగలాంటిది, రోజూ అన్నం కాదు. బళ్ళో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేతులతో పరికరాలు చేసి చూసే ప్రభుత్వ పథకం గది) ఉన్నా అది ఆరో తరగతి నుంచే.

నా ఓటు పెరటి సైన్సుకే. రెండు షరతులు మాత్రం ఉన్నాయి. బ్లేడు పని పెద్దవాళ్ళది, గోడ ప్లగ్గు జోలికి అసలు పోకూడదు. సెల్లు రెండు కొసల్నీ తీగతో నేరుగా కలిపితే చెయ్యి కాలుతుంది, అదీ ముందే చెప్పాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకైతే ఒక భూతద్దం, ఒక పెద్ద అయస్కాంతం కొంటే చాలు.

ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళి, తాతయ్యలాంటి మనిషి లేకపోతే కిట్టే కొనండి, తప్పులేదు. ముక్కలు విప్పి వేరే దానికి వాడుకోగలిగేది చూసుకోండి. బటన్ సెల్లు, గింజలంత అయస్కాంతాలు ఉన్నవి మాత్రం వద్దు. పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. పెన్సిల్ సెల్లుతో నడిచేదైతే మేలు, అది ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది.