ఊరకుండడం కోసం మూడు రోజులు: గోపాలపూర్, జిరంగ్, తప్తపాణి

పక్షవాతంతో నాన్నకు మాట పడిపోయాక, ఎనిమిది నెలలు ఆయన మంచం పక్కన నేనే మాట్లాడుతూ ఉన్నాను. బైబిల్ వాక్యం చదివేదాన్ని, పాటలు పాడేదాన్ని. ఆపినప్పుడల్లా ఆయన నా వేళ్ళు నొక్కేవారు. ఇంకో పాట అడుగుతున్నారనుకుని మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

దేవుడి దగ్గరా నాది అదే వరస. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న కీర్తన చిన్నప్పుడే కంఠతా వచ్చింది. ఊరకుండడం మాత్రం రాలేదు. అందుకే ఫిబ్రవరిలో ఒడిశాలోని బరంపురం నుంచి మూడు రోజులు మౌనంగా తిరిగొచ్చాను. ఆటో బేరాలు, టిఫిన్లు, గదుల సంగతి మా చిన్నాన్న కూతురు చూసుకుంది. మౌనం పట్టేవాళ్ళకు మాట్లాడే మనిషి ఒకరు తోడుండాలి.

మొదట గోపాలపూర్, బరంపురానికి 15 కిలోమీటర్లు. సముద్రానికి ఎదురుగా గది తీసుకున్నాం. అలల హోరు అడ్డనుకుంటారు గానీ కాదు, కాసేపటికి అదే జోలపాటవుతుంది. మేం దిగిన లాడ్జిలో మాత్రం పెళ్ళివారి డీజే అర్ధరాత్రి దాకా మోగింది. గది తీసుకునే ముందే ఆ రాత్రి ఫంక్షన్ ఉందేమో అడగండి. తెల్లారి ఒడ్డుకు వెళ్తే వల లాగేవాళ్ళు మన తెలుగులోనే పిలుచుకుంటున్నారు. ఎంత ఇష్టంగా ఉందో! కానీ అర్థమయ్యే మాట చెవిని వదలదు. నా ప్రార్థన ఏ చేప ఎంత పలికిందన్న దగ్గర ఆగిపోయింది.

మర్నాడు చంద్రగిరి దగ్గర జిరంగ్. 1963 నుంచి టిబెట్ శరణార్థులు ఉంటున్న చోటు. అక్కడి పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. నా విశ్వాసం వేరు. అయినా హాలు మూలన గంటసేపు కళ్ళు మూసుకుంటే ఎవరూ నువ్వెవరని అడగలేదు. వాళ్ళ జపం ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి మనసు దాన్ని పట్టుకు వేళ్ళాడలేదు. బయట వేడి థుక్పా (టిబెటన్ల నూడుల్స్ సూప్) కడుపు నింపింది.

ఈ గజపతి జిల్లా కొండల్లో సవర గిరిజనుల ఊళ్ళున్నాయి. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. అప్పటికి లిపి లేని భాషను చెవి పెట్టి వినకుండా ఎవరు రాయగలరు? దారంతా అదే తలచుకున్నాను.

రాత్రికి తప్తపాణి, గంధకపు వేడినీటి ఊట ఉన్న చోటు. ప్రభుత్వ పర్యాటక సంస్థ వారి బస పాంథనివాస్ అక్కడే ఉంది. గంధకం వాసనకు మొదట ముక్కు ముడుచుకుంటుంది, తర్వాత అలవాటైపోతుంది. శని, ఆదివారాల్లో పిక్నిక్ బస్సులొస్తాయి, మామూలు రోజుల్లో వెళ్ళండి.

చీకటి ఉండగానే వేడినీటి ఊట దగ్గర కూర్చున్నాను. ఆవిరి లేస్తోంది. అడగాల్సినవన్నీ అరగంటలో అడిగేశాను. ఆ తర్వాత ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. బైబిల్లో ఏలీయా ప్రవక్తకు దేవుడు గాలిలో లేడు, భూకంపంలో లేడు, నిప్పులో లేడు, మిక్కిలి నిమ్మళమైన స్వరంలో వినిపించాడు. నాకు చెవిలో ఏ మాటా పడలేదు. ఒళ్ళో ఉన్న చేతి మీద నాన్న నొక్కు గుర్తొచ్చింది. ఆయన ఇంకో పాట అడగలేదు. కాసేపు ఊరుకోమన్నారు.

తెల్లవారాక చెల్లి టీ తెచ్చి పక్కన కూర్చుంది. తనూ ఏమీ అనలేదు. ఈసారి గోపాలపూర్ మానేసి రెండు రాత్రులూ తప్తపాణిలోనే ఉంటాం.