ఐఐటీ సీటు వస్తుందా రాదా: ప్రిడిక్టర్ యాప్ మేలా, జోసా పాత ర్యాంకులు మేలా?

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు రాగానే ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఈ ర్యాంకుకి ఎక్కడొస్తుంది?" చూసుకోడానికి మూడు దారులున్నాయి. కాలేజ్ ప్రిడిక్టర్ యాప్‌లు, జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే ఉమ్మడి సంస్థ) వెబ్‌సైట్లో ఉండే గత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు (ఆ సీటు దక్కిన మొదటి, చివరి ర్యాంకులు), ఛాయిస్ ఫిల్లింగ్ (కావలసిన కాలేజీలు, కోర్సుల లిస్టు పెట్టుకోవడం) నడుస్తుండగా జోసా ఇచ్చే మాక్ అలాట్‌మెంట్ (నమూనా సీట్ల కేటాయింపు). నన్నడిగితే రెండోదే మేలు.

యాప్‌లో ర్యాంకు కొట్టగానే "హై ఛాన్స్", "లో ఛాన్స్" అని రంగుల్లో చూపిస్తుంది. ఏ సంవత్సరం, ఏ రౌండ్ ర్యాంకులతో లెక్క వేసిందో మాత్రం చాలావాటిలో కనపడదు. ఫోన్ నంబర్ అడిగేవీ బోలెడు. ఇచ్చామా, ఇక ప్రైవేటు కాలేజీల కాల్స్ మొదలు.

జోసా పట్టికలో దాపరికం లేదు. 2016 నుంచి రౌండ్లవారీగా ఉంది. ఆఖరి రౌండ్ క్లోజింగ్ ర్యాంకులు కనీసం మూడేళ్లవి పక్కపక్కన రాసుకోండి. ఐఐటీ బాంబే కంప్యూటర్ సైన్స్ ఓపెన్ కేటగిరీలో 2023లో 67 దగ్గర, 2024లో 68 దగ్గర ఆగింది. అంత పైన పెద్దగా కదలదు. కొత్త ఐఐటీల్లో సివిల్, కెమికల్ వైపు వచ్చేసరికి ఊగిసలాట ఎక్కువ. మూడేళ్లలోనూ మీ ర్యాంకు లోపలే పడితే ధీమాగా ఉండొచ్చు. ఒక్క ఏడాదే కుదిరితే, ఆశ పెట్టుకోండి గానీ బంధువులకు చెప్పకండి.

దీంతో చిక్కల్లా పట్టికలో ఏ వరుస చూడాలన్నదే. ఓపెన్ వరుసలో ఉండేది కామన్ ర్యాంకు (అందరినీ కలిపి ఇచ్చేది), ఓబీసీ వరుసలో ఉండేది కేటగిరీ ర్యాంకు (ఆ కేటగిరీ వాళ్లలో మాత్రమే ఇచ్చేది). అబ్బాయికి కామన్ ర్యాంకు 6,000, ఓబీసీ ర్యాంకు 1,300 అనుకుందాం. 6,000ని ఓబీసీ వరుసలో వెతికితే దాదాపు ఏ సీటూ రానట్టే ఉంటుంది. 1,300ని ఓపెన్ వరుసలో పెట్టి చూస్తే స్వీట్లు పంచేస్తారు. రెండూ తప్పే. ఆడపిల్లలైతే ఫీమేల్ ఓన్లీ వరుస కూడా తప్పక చూడాలి, అక్కడ సాధారణంగా ఇంకా వెనక ర్యాంకు దాకా సీటు వెళ్తుంది.

ఎన్‌ఐటీలకు చూసేది జేఈఈ మెయిన్ ర్యాంకు. అక్కడ హోమ్ స్టేట్ కోటా (ఆ రాష్ట్రం వాళ్లకు కొన్ని సీట్లు) ఉంది. పుట్టిన ఊరితో దానికి పనిలేదు, ఇంటర్ ఎక్కడ పాసైతే అదే హోమ్ స్టేట్. గుంటూరు పిల్లాడు హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే వరంగల్ ఎన్‌ఐటీకి లోకల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి నాన్‌లోకల్. యాప్‌లో సొంత రాష్ట్రం అనగానే ఆంధ్రా అని నొక్కేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇక మాక్ అలాట్‌మెంట్. అప్పటిదాకా ఛాయిస్‌లు పెట్టినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి దాన్ని నమ్ముకుని లిస్టు తారుమారు చేయొద్దు. మన లిస్టులో తప్పులు పట్టుకోడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఏ దారిలో అంచనా వేసుకున్నా, ఛాయిస్‌లు పెట్టేది ఇష్టం వరసలోనే. రాదనుకున్న కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కిందిది చేజారదు.

బీసీ పిల్లలు ముందు ఇంకోటి చూసుకోవాలి. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్న నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదనే) సర్టిఫికెట్ ఉండాలి. అది లేకపోతే కేటగిరీ వరుసలు చూడటమే దండగ.